పాత కారులో పెట్రోలు ఒత్తిడి పరీక్ష: సరైన అడాప్టర్ ఎంపిక

పెట్రోలు ఇంజిన్‌కు ట్యాంకు నుంచి ఇంధనం ఎంత ఒత్తిడితో అందుతోందో తెలుసుకోవడానికి రెండు వస్తువులు కావాలి. ఒకటి ఒత్తిడి చూపే గేజి. రెండోది ఆ గేజిని బండి పెట్రోలు లైనుకు కలిపే అడాప్టర్. గేజి పనిముట్ల దుకాణంలో సులువుగానే దొరుకుతుంది. ఒక ఇంధన పద్ధతికి తగిన మంచి గేజి కొంటే, ఆ పద్ధతి ఉన్న అన్ని కంపెనీల బండ్లకూ పనికొస్తుంది. అడాప్టర్ సంగతి అలా కాదు. ఒక కారు లైనులో రబ్బరు గొట్టం, క్లిప్పు ఉంటాయి. మరో కారులో బోలు బోల్టు ఉంటుంది. ఇంకో కారులో నొక్కితే ఊడి వచ్చే ప్లాస్టిక్ కనెక్టర్ ఉంటుంది. ఆ చోటికి అతకని అడాప్టర్‌ను బలవంతంగా బిగిస్తే కాగిన ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది, లేదా బండిలోని మర పాడవుతుంది. అందుకే ఈ పనికి ఒక క్రమం ఉంది. ముందు బండిలో ఉన్న ఇంధన పద్ధతి ఏదో తేల్చుకోవాలి. తర్వాత లైనును ఎక్కడ విప్పవచ్చో చూడాలి. ఆ పైన అక్కడి కొలతలు తీయాలి. అడాప్టర్ కొనడమైనా, చేయించడమైనా ఈ మూడూ అయ్యాకే.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఈ పరీక్ష అవసరం తరచుగా వస్తుంది. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి 44వ జాతీయ రహదారి మీద, శూళగిరి మీదుగా, సుమారు 50 కిలోమీటర్లు వస్తే హోసూరు. దాని ఎత్తు దాదాపు 900 మీటర్లు. ఊళ్లో బాగానే తిరిగే కారు, మనుషులూ సామానూ ఎక్కించుకుని ఈ ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా వేగం అందదు. ఎక్కుడులో ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి. పంపు బలహీనపడినా, ఫిల్టర్ పూడుకుపోయినా ఆ లోపం సమతలం మీద దాగి ఉండి ఇక్కడ బయటపడుతుంది. బాగలూరు, బేరికె, వేపనపల్లి వైపు తెలుగు కుటుంబాల తోటల్లోనూ, పట్టణాల్లోనూ అంబాసిడర్లు, పద్మినులు, మారుతి 800లు, మొదటి తరం జెన్, ఎస్టీమ్, శాంట్రో బండ్లు ఇంకా కనిపిస్తాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని చూపించి పునరుద్ధరించుకోవాలి. హోసూరు టీఎన్ 70 అయినా, కృష్ణగిరి టీఎన్ 24 అయినా పాత బండి యజమాని ఇంజిన్‌ను చక్కగా ఉంచుకోక తప్పదు.

ఇంధన పద్ధతులు ప్రధానంగా మూడు. వీటిలో ఒత్తిళ్లు వేరు, అడాప్టర్లూ వేరు.

మొదటిది కార్బురేటర్ పద్ధతి. 1950ల చివర నుంచి వచ్చిన అంబాసిడర్, ఫియట్ వంశానికి చెందిన ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 మొదట్లో ఈ పద్ధతివే. వీటి పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఇంజిన్‌లోని క్యామ్ షాఫ్ట్ తిరిగేకొద్దీ పంపులోని రబ్బరు పొర పైకీ కిందికీ ఆడి పెట్రోలును నెడుతుంది. ఇక్కడ ఒత్తిడి చాలా తక్కువ. చదరపు అంగుళానికి సుమారు 3 నుంచి 5 పౌన్లు, అంటే 3 నుంచి 5 పీఎస్‌ఐ.

రెండోది రిటర్న్ లైను ఉన్న ఎంపీఎఫ్‌ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే పద్ధతి. 2000 ఏప్రిల్‌లో దేశమంతటా ఇండియా 2000 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చిన కాలంలో మన చిన్న కార్లు వరుసగా దీనికి మారాయి. 1998లో వచ్చిన శాంట్రో మొదటి నుంచీ ఎంపీఎఫ్‌ఐ బండే. ఇందులో ట్యాంకులోని విద్యుత్ పంపు పెట్రోలును ఇంజిన్ మీది రైల్‌కు పంపుతుంది. రైల్ అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపు. దాని చివర రెగ్యులేటర్ ఉంటుంది. మిగిలిన పెట్రోలు అక్కడి నుంచి మరో గొట్టంలో ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. ఈ పద్ధతిలో ఒత్తిడి సాధారణంగా రెండున్నర నుంచి మూడు బార్.

మూడోది రిటర్న్ లైను లేని ఎంపీఎఫ్‌ఐ. ఇందులో రెగ్యులేటర్ ట్యాంకులోనే పంపు పక్కన ఉంటుంది. ఇంజిన్ దాకా వచ్చే గొట్టం ఒక్కటే. ఒత్తిడి మోడల్‌ను బట్టి మూడు నుంచి నాలుగు బార్ మధ్య ఉండి, ఇంజిన్ వేగంతో పెద్దగా మారదు.

ఈ మూడింటి పరిధిలోకి రాని బండ్లూ ఉన్నాయి. 1973లో బాష్ తెచ్చిన కె-జెట్రానిక్ పద్ధతి ఉన్న యూరప్ కార్లలో ఒత్తిడి అయిదు బార్ దాకా ఉంటుంది. దానికి కవాటంతో కూడిన ప్రత్యేక గేజి కావాలి. ఇక కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలోనూ, సిలిండర్‌లోకే పెట్రోలు చిమ్మే కొత్త ఇంజిన్లలోనూ రైల్ దగ్గర ఈ గేజిని ఎప్పుడూ తగిలించకూడదు. అక్కడి ఒత్తిడి వందల బార్లు, డీజిల్‌లో వెయ్యి దాటుతుంది. ఆ ఒత్తిడితో వచ్చే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది.

గేజి మీద బార్, పీఎస్‌ఐ, కిలోపాస్కల్, చదరపు సెంటీమీటరుకు కిలో అనే నాలుగు కొలతల్లో ఏదైనా ఉండవచ్చు. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పీఎస్‌ఐ, లేదా 100 కిలోపాస్కల్. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అన్నా దాదాపు అంతే. కార్బురేటర్ బండికి సున్నా నుంచి 15 పీఎస్‌ఐ చూపే గేజి కావాలి. ఎంపీఎఫ్‌ఐకి సున్నా నుంచి ఏడు బార్, అంటే 100 పీఎస్‌ఐ గేజి సరిపోతుంది. పెద్ద గేజితో కార్బురేటర్ బండిని పరీక్షిస్తే ముల్లు సున్నా పక్కనే కాస్త కదిలి ఊరుకుంటుంది. మూడుకూ అయిదుకూ తేడా తెలియదు. ముల్లు గేజి మధ్య భాగంలో నిలిచినప్పుడే కొలత నమ్మదగినది.

ఇక అడాప్టర్ తగిలించే చోటు. పాత కార్లలో ఇందుకు నాలుగు మార్గాలున్నాయి.

అన్నిటికన్నా సులువైనది రబ్బరు గొట్టం మధ్య టీ ముక్క, అంటే మూడు మూతుల జాయింటు, పెట్టడం. కార్బురేటర్ బండ్లలో పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని ఒక చివర విప్పి, టీ ముక్కను మధ్యలో కలిపితే చాలు. పాత ఎంపీఎఫ్‌ఐ బండ్లలో ఫిల్టర్ తర్వాత రబ్బరు గొట్టం, క్లిప్పు ఉన్నవాటికీ ఇదే దారి. టీ ముక్క నిపిల్ బయటి వ్యాసం, గొట్టం అంతకు ముందు ఎక్కి ఉన్న లోహపు పైపు బయటి వ్యాసంతో సమానంగా ఉండాలి. ఎనిమిది మిల్లీమీటర్ల పైపు మీది గొట్టాన్ని ఆరు మిల్లీమీటర్ల నిపిల్‌కు ఎక్కించి క్లిప్పు ఎంత బిగించినా, మూడు బార్ ఒత్తిడికి అది జారిపోతుంది. మారుతి కార్బురేటర్ పంపుకు మూడు మూతులుంటాయి. ఒకటి ట్యాంకు నుంచి వచ్చేది, ఒకటి కార్బురేటర్‌కు పోయేది, ఒకటి ట్యాంకుకు తిరిగి వెళ్లేది. టీ ముక్క కార్బురేటర్‌కు పోయే దారిలోనే ఉండాలి.

రెండో మార్గం బ్యాంజో బోల్టు. మధ్యలో రంధ్రం, పక్కల్లో చిల్లులు ఉన్న బోలు బోల్టు ఇది. పెట్రోలు పైపు చివరి రింగును ఫిల్టర్‌కో, రైల్‌కో నొక్కి పట్టుకుంటుంది. రింగుకు రెండు వైపులా రాగి లేదా అల్యూమినియం వాషర్లు ఉంటాయి. ఈ బోల్టు స్థానంలో, తల మీద గేజికి మర కోసిన మరో బోలు బోల్టు పెట్టడమే ఇక్కడి అడాప్టర్. పాత హోండాల్లో కొన్నింటికి ఫిల్టర్ మీది బ్యాంజో బోల్టు తలలోనే ఆరు మిల్లీమీటర్ల చిన్న సర్వీస్ బోల్టు ఉంటుంది. దాన్ని తీసి ఆ చోటులోనే గేజి బిగించవచ్చు.

మూడో మార్గం రైల్ మీద ముందే ఉన్న పరీక్ష కవాటం. చూడడానికి టైరు ట్యూబు వాల్వులా ఉంటుంది, మీద మూత ఉంటుంది. అమెరికా మూలపు ఇంజిన్లలో ఇది ఎక్కువ. ఇందులోనూ రెండు కొలతలున్నాయి. ఒకటి టైరు వాల్వు మరే. దాని వ్యాసం 7.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 చుట్లు. రెండోది లావుపాటిది. వ్యాసం అంగుళంలో పదహారింట ఏడు వంతులు, అంగుళానికి 20 చుట్లు. మన పాత మారుతి బండ్లలో ఈ కవాటం ఉంటుందని ఆశించకూడదు. సుజుకి సర్వీస్ మాన్యువళ్లలో చెప్పిన పనిముట్లే గేజి, దాని గొట్టం, మూడు మూతుల జాయింటు అని మూడు ముక్కలుగా ఉంటాయి. లైనును విప్పి మధ్యలో కలపడమే ఆ కంపెనీ చూపిన దారి.

నాలుగోది క్విక్ కనెక్టర్. 2000 తర్వాతి బండ్లలో నైలాన్ పైపు చివర ప్లాస్టిక్ తాళంతో వచ్చేది ఇదే. లోపలికి దూరే లోహపు ముక్కు వ్యాసం కొలిస్తే అడాప్టర్ తేలిపోతుంది. తరచుగా కనిపించేవి 6.30, 7.89, 9.49 మిల్లీమీటర్ల కొలతలు. ఎనిమిది మిల్లీమీటర్ల ముక్క 7.89కి దగ్గరగానే ఉందని దూర్చితే లోపలి ఓ-రింగ్ తెగుతుంది. వ్యాసం సరిపోయినా, ముక్కు మీద తాళం పట్టుకునే గట్టు ఎంత దూరంలో ఉందో కూడా చూసుకోవాలి. తాళం టక్కున పడి, వెనక్కి లాగినా ఊడకుండా ఉంటేనే అది సరైన ముక్క.

మర కొలవడం ఈ పని అంతటికీ గుండెకాయ. ఇందుకు వెర్నియర్ కాలిపర్, పిచ్ గేజి చాలు. వెర్నియర్‌తో బోల్టు బయటి వ్యాసం తీయాలి. పిచ్ గేజి అంటే పళ్లు కోసిన సన్నని రేకుల కట్ట. ఏ రేకు పళ్లు మరలో వెలుతురు కనిపించకుండా కూర్చుంటాయో అదే ఆ మర పిచ్, అంటే ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం. జపాన్, కొరియా, యూరప్ మూలపు కార్లలో మెట్రిక్ మరలే ఎక్కువ. పది మిల్లీమీటర్ల వ్యాసానికి ఒకటి, పన్నెండుకు ఒకటింపావు లేదా ఒకటిన్నర, పద్నాలుగుకు ఒకటిన్నర పిచ్ తరచుగా ఎదురవుతాయి. బ్రిటన్ మూలం ఉన్న అంబాసిడర్‌లో అంగుళాల కొలతలు వస్తాయి. గేజిల వెనుక మర సాధారణంగా బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర, లేదా ఎన్‌పీటీ, అంటే అమెరికా పైపు మర.

వీటిలో కొన్ని కవలల్లా కనిపించి మోసం చేస్తాయి. పది మిల్లీమీటర్ల మెట్రిక్ మరనూ, ఎనిమిదో వంతు బీఎస్‌పీ మరనూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. బీఎస్‌పీ వ్యాసం 9.73 మిల్లీమీటర్లు, పిచ్ 0.907. మెట్రిక్‌కు వ్యాసం పది, పిచ్ ఒకటి. బీఎస్‌పీ అడాప్టర్‌ను మెట్రిక్ రంధ్రంలో పెడితే రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కుతుంది. ఆ తర్వాత గట్టిపడుతుంది. ఇక్కడ స్పానర్ వేసిన వాడి చేతిలో రైల్ మర నలిగిపోతుంది. రైల్ అల్యూమినియందైతే ఆ మర మళ్లీ రాదు. పైగా మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీ కోణం 55 డిగ్రీలు కనుక రెండూ ఎప్పటికీ కుదురుకోవు.

రెండో మోసం ఇంకా ప్రమాదకరం. అంగుళంలో పదహారింట ఏడు వంతుల అమెరికా మర వ్యాసం 11.11 మిల్లీమీటర్లు, పిచ్ 1.27. పన్నెండు మిల్లీమీటర్ల మెట్రిక్ సన్నమరకు పిచ్ 1.25. పిచ్‌లు దాదాపు ఒకటే కావడంతో చిన్న బోల్టు పెద్ద రంధ్రంలో చివరి దాకా సాఫీగా వెళ్తుంది, బిగిసినట్టే ఉంటుంది. పట్టుకున్నవి మర శిఖరాల కొసలు మాత్రమే. ఒత్తిడి పెరిగాక అది ఊడి రావచ్చు. బోల్టు బిగించే ముందు దాన్ని కాస్త అటూ ఇటూ ఊపి చూడాలి. లొడలొడలాడితే అది ఆ రంధ్రానిది కాదు.

మర కుదిరినా, చివరి ముఖం కుదరాలి. పెట్రోలును ఆపేది చాలా చోట్ల మర కాదు, మర చివరి ముఖమే. గరాటు ఆకారపు ఫిట్టింగుల్లో హైడ్రాలిక్ యంత్రాలవి 37 డిగ్రీల కోణంతోనూ, ఫ్రిజ్, ఏసీ పైపులవి 45 డిగ్రీల కోణంతోనూ వస్తాయి. పావు అంగుళం పైపు కొలతలో ఈ రెండింటికీ మర ఒకటే, పైన చెప్పిన 20 చుట్లదే. ఒకదాని నట్టు రెండోదానికి చక్కగా ఎక్కుతుంది, కోణాలు మాత్రం ఒక సన్నని గీత మీదనే తాకుతాయి. చుక్కలు చుక్కలుగా కారడానికి ఆ గీత చాలు. ఏసీ మెకానిక్ గేజి సెట్టు మర సరిపోయిందని దాన్నే పెట్రోలుకు వాడడం తగదు. ఆ గొట్టాల రబ్బరు పెట్రోలుకు చేసింది కాదు.

బ్యాంజో బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్లు వేయాలి. ఒకసారి నలిగిన రాగి వాషర్ ముఖం మళ్లీ సమంగా ఉండదు. అడాప్టర్‌తో పాటు రెండో రింగు కూడా చేరితే వాషర్లు రెండు కాదు, మూడు కావాలి. సమాంతరంగా ఉండే బీఎస్‌పీ మరకు లోహపు అంచున రబ్బరు అతికిన సీలు వాడతారు. చివరికి సన్నబడే ఎన్‌పీటీ మరకు మాత్రమే మర మీద సీలింగ్ పదార్థం పనికొస్తుంది. నీళ్ల కొళాయికి చుట్టే తెల్ల టేపును పెట్రోలు లైనులో వాడకపోవడం మంచిది. దాని పీలికలు తెగి ఇంజెక్టర్‌లోని సన్నని దారిని మూసేస్తాయి.

గొట్టం ఎంపిక కూడా అడాప్టర్‌లో భాగమే. పెట్రోలు గొట్టాల మీద ఎస్ఏఈ జె30 ప్రమాణపు గుర్తు ఉంటుంది. అందులో ఆర్7 రకం కార్బురేటర్ ఒత్తిడికి చాలు. ఎంపీఎఫ్‌ఐకి ఆర్9 రకం కావాలి. 2023 ఫిబ్రవరిలో బెంగళూరు వేదికగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, తర్వాత దేశమంతా పాకింది. పాత కార్ల రబ్బరు ఈ మిశ్రమానికి తయారైంది కాదు. గొట్టాలు ఉబ్బడం, ఓ-రింగులు గట్టిపడి పగలడం పాత బండ్లలో చూడవలసిన లోపాలు. అడాప్టర్‌లో వాడే ఓ-రింగులు వైటాన్ రకంవి అయితే ఇథనాల్‌ను తట్టుకుంటాయి. లైను విప్పినప్పుడు పాత గొట్టం చివర చీలికలుంటే గేజి సంగతి తర్వాత, ముందు గొట్టమే మార్చాలి.

దుకాణంలో దొరికే అడాప్టర్ సెట్టులో పది ఇరవై ముక్కలున్నా, ఎదుట ఉన్న బండికి కావలసిన ముక్క అందులో లేకపోవచ్చు. అప్పుడు హోసూరుకు ఒక సౌలభ్యం ఉంది. 1970లలో సిప్కాట్ పారిశ్రామిక వాడ ఏర్పడి, 1980లో అశోక్ లేలాండ్ కర్మాగారం, అదే కాలంలో టీవీఎస్ మోపెడ్లు, ఆ దశాబ్దంలోనే టైటాన్ గడియారాలు ఇక్కడికి వచ్చాయి. వాటికి విడిభాగాలు చేసే చిన్న లేతు షాపులు చుట్టూ పెరిగాయి. ఇక్కడి లేతు మీద ఒక ముక్క చేయించడం పెద్ద పని కాదు. కావలసిందల్లా కాగితం మీద సరైన కొలతలు.

ఉదాహరణకు పన్నెండు మిల్లీమీటర్లు, ఒకటింపావు పిచ్ ఉన్న రంధ్రానికి గేజి బిగించే ముక్కను తీసుకోవచ్చు. ఆరు పలకల ఉక్కు కడ్డీని కోసి, ఒక వైపు ఆ మెట్రిక్ బయటి మర వేయాలి. ఆ మర పొడవు పాత బోల్టు మర పొడవును మించకూడదు. మించితే రంధ్రం అడుగున తగిలి, వాషర్ బిగియదు. మర మొదలయ్యే చోట భుజం కడ్డీ అక్షానికి సరిగ్గా లంబంగా ఉండాలి, వాషర్ కూర్చునేది అక్కడే. మధ్య గుండా మూడు మిల్లీమీటర్ల రంధ్రం చాలు. రెండో వైపు 8.8 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, ఎనిమిదో వంతు బీఎస్‌పీ లోపలి మర కోయాలి. గేజి గొట్టం అక్కడ బిగుస్తుంది. కోసిన అంచుల్లో మిగిలిన బిరుసులు తీసి, ముక్కను కడిగి గాలితో ఊదాలి. రంధ్రంలో దాగిన ఒక్క ఉక్కు రజను చాలు, ఇంజెక్టర్ చెడడానికి. తర్వాత చేతి పంపుతో నీటి ఒత్తిడి పెట్టి, పది బార్ దగ్గర కొద్ది నిమిషాలు ఉంచి చెమ్మ కూడా రాలేదని చూడాలి. వాడబోయే ఒత్తిడికి ఇది కనీసం రెండున్నర రెట్లు.

ఒత్తిడి తక్కువ ఉండే టీ ముక్కలకు ఇత్తడి సరిపోతుంది. పైపు రింగును నొక్కి పట్టే బోలు బోల్టుకు మాత్రం ఉక్కే కావాలి. నడుమ రంధ్రం, పక్కల చిల్లులు పోగా మిగిలిన ఇత్తడి గోడ బిగింపు బలానికి తెగవచ్చు. లేతు మీద చేయించకూడని పని ఒకటుంది. బండి రైల్‌కే రంధ్రం వేసి మర కోయడం. లోపలికి రాలిన రజను పూర్తిగా తీయడం కష్టం. పలచని గోడ మీద కోసిన మరకు బలమూ ఉండదు.

అడాప్టర్ సిద్ధమయ్యాక లైను విప్పే ముందు లోపలి ఒత్తిడి దించాలి. ఎంపీఎఫ్‌ఐ బండి ఇంజిన్ ఆపాక కూడా లైనులో రెండు బార్లకు పైగా నిలిచి ఉండవచ్చు. ఇంజిన్ చల్లారాక పంపు ఫ్యూజు లేదా రిలే తీసి, ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడపాలి. మరోసారి స్టార్టర్ కొద్దిసేపు తిప్పాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. జాయింటు చుట్టూ గుడ్డ చుట్టి, బోల్టును నెమ్మదిగా వదులు చేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. నేల మీదా, సర్వీసు గుంతలోనూ పేరుకుంటుంది. అందుకే పని బయట గాలాడే చోట జరగాలి. దగ్గర్లో వెల్డింగు, బీడీ, వేలాడే బల్బు ఉండకూడదు. కళ్లకు అద్దాలు, చేతికందే దూరంలో పౌడర్ రకం అగ్నిమాపకం ఉండాలి.

గేజి కలిపాక బ్యాటరీ తీగ, ఫ్యూజు తిరిగి పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం చెవిని రెండు మూడు సార్లు ఆన్ చేయాలి. ప్రతిసారీ పంపు రెండు క్షణాలు తిరిగి లైను నిండుతుంది. ప్రతి జాయింటునూ వేలితో తడిమి, తడి లేకపోతేనే స్టార్ట్ చేయాలి. గేజి, దాని గొట్టం ఫ్యాను, బెల్టు, సైలెన్సర్ మానిఫోల్డు నుంచి దూరంగా ఉండాలి.

రిటర్న్ లైను ఉన్న బండిలో రెగ్యులేటర్‌కు ఇంజిన్ మానిఫోల్డు నుంచి ఒక సన్నని వ్యాక్యూమ్ గొట్టం వస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆ పీల్పు వల్ల ఒత్తిడి అర బారు దాకా తగ్గి కనిపించడం సహజం. గొట్టాన్ని లాగేస్తే ముల్లు పైకి లేవాలి. లేవకపోతే రెగ్యులేటర్ మీద అనుమానం. లాగిన గొట్టంలో పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటర్ పొర చిరిగినట్టే. ఇక్కడ ఎత్తు ప్రభావం కూడా చూడాలి. హోసూరులో వాతావరణ పీడనం సుమారు 0.91 బార్, సముద్రతీరంలో 1.01 బార్. మానిఫోల్డు లోపలి పీడనం రెండు చోట్లా దాదాపు ఒకటే కనుక, అదే కారు ఐడిల్‌లో చెన్నై కన్నా హోసూరులో గేజి మీద పదో వంతు బారు ఎక్కువ చూపవచ్చు. అది లోపం కాదు. వ్యాక్యూమ్ గొట్టం తీసి చూసిన అంకె మాత్రం ఎక్కడైనా ఒకటే. అందుకే మాన్యువల్ అంకెతో పోల్చడానికి ఆ కొలతే మేలు.

ఒత్తిడి తక్కువగా ఉంటే రిటర్న్ రబ్బరు గొట్టాన్ని ఒకటి రెండు క్షణాలు మాత్రం మెత్తని క్లాంపుతో నొక్కాలి. ముల్లు వెంటనే నాలుగయిదు బార్ల వైపు దూకితే పంపు బాగానే ఉంది, రెగ్యులేటర్ పట్టు తప్పింది. కదలకపోతే పంపు, ఫిల్టర్, ట్యాంకులోని జాలి, పంపుకు వెళ్లే కరెంటు అన్నీ చూడాలి. బ్యాటరీ దగ్గరి వోల్టేజికీ పంపు దగ్గరి వోల్టేజికీ అర వోల్టు మించిన తేడా ఉంటే పంపు మార్చే ముందు వైరింగు, ఎర్త్ సరిచేయాలి. ఇంజిన్ ఆపాక ఒత్తిడి నిమిషాల తరబడి నిలవాలి. చకచకా పడిపోతే పంపులోని కవాటమో, రెగ్యులేటరో, కారుతున్న ఇంజెక్టరో కారణం. పొద్దున్న స్టార్టర్ చాలాసేపు తిప్పితే గానీ అంటుకోని పాత బండ్లలో తరచుగా కనిపించే లోపమిది.

ఒత్తిడి సరిగా ఉన్నా ఎక్కుడులో బండి తడబడితే పరిమాణం కొలవాలి. రిటర్న్ గొట్టం చివరను గుర్తు గీతలున్న డబ్బాలో పెట్టి, అర నిమిషంలో ఎంత పెట్రోలు వస్తుందో చూసి మాన్యువల్‌తో పోల్చాలి. సగం పూడుకున్న ఫిల్టర్, నిలబడి ఉన్న బండిలో ఒత్తిడిని దాదాపు సరిగానే చూపిస్తుంది, శూళగిరి ఎక్కుడులో అడిగినంత పెట్రోలు మాత్రం ఇవ్వదు. కార్బురేటర్ బండిలో ఒత్తిడి తక్కువైతే పంపు పొర, కవాటాలు చూడాలి. ఎక్కువైతే కార్బురేటర్ సూది కవాటం ఆగక పెట్రోలు పొంగుతుంది.

పరీక్ష ముగిశాక ఒత్తిడిని మళ్లీ అదే పద్ధతిలో దించి, అడాప్టర్ తీసి, అసలు బోల్టును కొత్త వాషర్లతో, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో బిగించాలి. రబ్బరు గొట్టమైతే పాత క్లిప్పు గాటు మీద కాకుండా పక్కన కొత్త క్లిప్పు వేయాలి. పంపు ఆన్ చేసి జాయింటు ఒకసారి, ఇంజిన్ వేడెక్కాక మరోసారి చూడాలి. అడాప్టర్‌ను తుడిచి, దాని వ్యాసం, పిచ్, అతికిన బండి మోడల్, కొలిచిన ఒత్తిడి రాసిన చీటీ కట్టి పెట్టుకుంటే, అదే రకం బండి మళ్లీ షెడ్డుకు వచ్చినప్పుడు కొలతలు మొదటి నుంచి తీయవలసిన అవసరం ఉండదు.